చెక్క నగిషీ నేర్చుకుందాం – 6: సెట్టు తర్వాత ఏ ఉలి కొనాలి?

పోయిన భాగంలో చెక్కిన ఆకును ఎదురుగా పెట్టుకోండి. ఈసారి చెక్కేదేమీ లేదు, చూడడమే పని. మీ దగ్గరున్న ఆరు ఉలుల సెట్టుతో ఎక్కడెక్కడ తిప్పలు పడ్డారో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఈనె పక్కన లేచిన పీచు, ఆకు కొన దగ్గర మూలలో తీయలేక వదిలేసిన ముక్క, ఆకు చుట్టూ చదునుగా ఉండాల్సిన నేల (అంటే వెనక భాగం) మీద పడ్డ గాట్లు... కొత్తగా ఏం కొనాలో ఈ గుర్తులే చెప్తాయి.

ఇలా చూసుకోకుండానే నేను ఒకప్పుడు పన్నెండు ఉలుల పెట్టె ఒకటి తెచ్చుకున్నాను. వాటిలో మూడింటిని ఇంతవరకూ సాన మీద పెట్టే అవసరమే రాలేదు. తళతళా మెరుస్తూ ఉంటాయి, అదొక్కటే సంతోషం.

కొనేముందు ఉలి మీది నంబర్ల సంగతి తెలియాలి. షెఫీల్డ్ (ఇంగ్లండ్‌లోని ఊరు) పేరుతో ఉన్న నంబర్ల పద్ధతిలో 1 అంటే తిన్నని అంచు, 2 అంటే ఏటవాలు అంచు. 3 నుంచి వంపు మొదలవుతుంది. 3 దాదాపు చదును, 9 కచ్చితంగా అర్ధవృత్తం, 10, 11 ఇంకా లోతైన 'యు' ఆకారాలు. కొన్ని కంపెనీల నంబర్లు ఒకటి అటూ ఇటూ ఉంటాయి కాబట్టి వేర్వేరు చోట్ల కొనేటప్పుడు నంబరు కాక వంపు బొమ్మనే చూడండి.

చాలామంది పొరబడేది ఇక్కడే. 7వ నంబరు 6 మి.మీ. ఉలి, 7వ నంబరు 20 మి.మీ. ఉలి ఒకే గుండ్రాన్ని కోయవు. నంబరు చెప్పేది వంపు ఏ పాళ్లలో ఉందో మాత్రమే. వెడల్పు పెరిగితే దాంతో పాటే వృత్తమూ పెద్దదవుతుంది. అందుకే నంబరు, వెడల్పు రెండూ కలిపితేనే ఒక ఉలి. 9వ నంబరు 10 మి.మీ. ఉలిని నిలువుగా పెట్టి ఒత్తి, ఎదురు వైపు నుంచి ఇంకోసారి ఒత్తితే 10 మి.మీ. గుండ్రం పూర్తవుతుంది. ద్రాక్షపండు, పువ్వు నడిమి బొడిపె, పక్షి కన్ను ఇలాగే తీస్తారు.

ఇప్పుడు మీ గుర్తుల దగ్గరికి వద్దాం. నేల మీద గాట్లు పడ్డాయంటే, తిన్నని ఉలి మూలలు చెక్కలో దిగబడ్డాయన్నమాట. 3వ నంబరు, 14 నుంచి 20 మి.మీ. మధ్య ఉన్నది తీసుకోండి. దాని మూలలు కాస్త పైకి లేచి ఉంటాయి కాబట్టి దిగబడవు. నన్నడిగితే సెట్టు తర్వాత మొదట కొనాల్సింది ఇదే. మూలలో ముక్క మిగిలితే చేపతోకలా కొన విప్పారిన ఉలి కావాలి. దాని కాడ సన్నం, అంచు వెడల్పు. ఇరుకులో పక్క గోడలకు తగలకుండా దూరుతుంది. గిన్నెలాంటి లోతు చెక్కుతుంటే కాడ గట్టుకు తగిలి అంచు అడుగుకు అందకపోతే, గరిటెలా వంగిన ఉలి వాడాలి. ఆకు పనికి దాని అవసరం రాదు, ఇప్పుడే తొందరపడొద్దు. వెనక్కి వంగిన ఉలి మాట అసలే ఎత్తను.

పీచు లేచిందా? దానికి కొత్త ఉలి మందు కాదు. గ్రెయిన్‌కి (చెక్కలో పీచు సాగే దిశకి) ఎదురు వెళ్లి ఉంటారు, లేదా పదును పోయి ఉంటుంది. దిశ మార్చి చూడండి, తర్వాత ఉలిని తోలు మీద పది సార్లు వెనక్కి లాగి చూడండి.

'వి' ఆకారపు అంచున్న ఉలి ఇంకొకటి కొనాలనుకునేవాళ్లకు ఒక మాట. దాన్ని నూరడమంటే రెండు రెక్కలను విడివిడిగా నూరి, అవి కలిసే అడుగును మళ్లీ గుండ్రం చేయడం. ఒక రెక్క ఎక్కువ అరిగితే కొనలో నొక్కు పడుతుంది, రెక్కలు కలిసే చోట మిగిల్చేస్తే చిన్న కొక్కెంలా పొడుచుకొస్తుంది. ఉన్నదాన్ని బాగా నూరడం వచ్చేదాకా రెండోది వద్దు.

ఈ వారం అభ్యాసం: తెల్ల కాగితం కింద మెత్తని చెక్క పెట్టి, మీ ఉలులన్నిటి అంచులనూ వరసగా ఒత్తండి. పక్కనే నంబరు, వెడల్పు రాయండి. వంపు ఉన్న ఒక్కో గాటునూ పెన్సిల్‌తో పూర్తి వృత్తంగా పొడిగించండి. ఏ రెండు వృత్తాలైనా దాదాపు ఒకటే అయితే వాటి దరిదాపుల్లో ఇంకోటి కొనక్కర్లేదు. రెండింటి మధ్య పెద్ద ఖాళీ ఉండి, ఆకు మీది గుర్తు కూడా ఆ కొలతలోనే పడితే, ఆ ఒక్క ఉలి కొనండి. కాగితం దాచిపెట్టండి, వచ్చే భాగంలో ఉలి లోపలి వైపు నూరేటప్పుడు దానితో పని ఉంది.