ఒక్కరే కూర్చుని డూమ్ ఆల్బమ్ రికార్డ్ చేయడం ఎలా?

డూమ్ అంటే చాలా నెమ్మదిగా, బరువుగా సాగే మెటల్ సంగీతం. దానికి గిటార్, బేస్ గిటార్, గిటార్ మోతను గరుకుగా మార్చే ఒక ఫజ్ పెడల్, రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్ శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె), కంప్యూటర్, హెడ్‌ఫోన్స్ చాలు. డ్రమ్స్ లేకపోతే కంప్యూటర్‌లోనే ప్రోగ్రామ్ చేసుకోండి. రెండో పెడల్ కొనకండి. పెడల్స్ పోగేసినవాళ్లను చాలామందిని చూశాను, ఆల్బమ్ పూర్తి చేసినవాళ్లు తక్కువ.

గిటార్‌లో అన్ని తీగలనూ నాలుగు ఫ్రెట్లంత కిందికి దించండి. లావు తీగ ఈ (E) స్వరం నుంచి సి (C) కి, అంటే 82 హెర్ట్జ్ నుంచి 65కి వస్తుంది. మామూలు తీగలు వేలాడిపోతాయి కాబట్టి వాటికన్నా లావైన 12-56 తీగల సెట్ వేయండి. ఈ దించుడుకి దారి చూపినవాడు బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ అయోమీ. ఫ్యాక్టరీ ప్రమాదంలో వేలికొసలు పోయి, బిగువు తీగలు నొక్కలేక, 1971 నాటికి సి షార్ప్ దాకా దించేశాడు. ట్యూనర్ ముందు తీగను సుతారంగా మీటకండి. వదులు తీగను గట్టిగా కొడితే శృతి కాసేపు పైకి లేస్తుంది. పాటలో ఎంత బలంగా కొడతారో అంతే బలంగా కొట్టి చూసుకోండి.

ఇక అసలు గండం: నెమ్మదిగా వాయించడం. అందరూ తేలికనుకుని బోల్తా పడేది ఇక్కడే. నిమిషానికి 50 బీట్లంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య 1.2 సెకన్లు. పక్కన డ్రమ్మర్ లేడు, కళ్లతో సైగ చేసేవాళ్లు లేరు. చెయ్యి తొందరపడుతుంది. కిక్ డ్రమ్మూ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) గిటారూ కలిసి 'ధడ్' అనాల్సిన చోట 'ధ-ధడ్' అంటాయి. వేగంగా సాగే పాటలో కలిసిపోయే తప్పే ఇక్కడ పంటికింద రాయిలా తగులుతుంది. కర్ణాటక సంగీతంలో చౌక కాలం పాడినవాళ్లని అడగండి, చెబుతారు.

క్లిక్‌ని (హెడ్‌ఫోన్స్‌లో తాళం వేసే టిక్ టిక్ శబ్దాన్ని) నిమిషానికి 100కి పెట్టి, ఒకటి వదిలి ఒకదానికి కొట్టండి. కాలితో తాళం ఆపొద్దు. అరచేత్తో తీగ మోత ఆపడం కూడా బీట్ మీదే పడాలి. తీగ మీటిన క్షణం స్పష్టంగా వినపడకుండా ఫజ్ మింగేస్తుంది, అందుకే వాయించేటప్పుడు హెడ్‌ఫోన్స్‌లో ఫజ్ బాగా తగ్గించి వినండి. నా మొదటి పాట తొమ్మిది నిమిషాలు. ఫజ్ నిండా పెట్టుకుని వాయించి, తీసేసి విన్నాక ఆరో నిమిషం నుంచి మళ్లీ మొదలుపెట్టాను.

తప్పిన దెబ్బల్ని సాఫ్ట్‌వేర్‌లో గ్రిడ్‌కి, అంటే బీట్ గీతల మీదికి, లాగేస్తే పోలా అంటారు. పోదు. మోగుతున్న తీగ తోకను కోయాల్సి వస్తుంది, ఆ కోత వినపడుతుంది. మళ్లీ టేక్ తీసుకోండి, అంటే మొత్తం మళ్లీ వాయించి రికార్డ్ చేయండి.

కుడివైపు గిటార్‌ని వేరే టేక్‌గా వాయించాలి. ఎడమదాన్ని కాపీ చేస్తే శబ్దం పెరుగుతుందే తప్ప వెడల్పు రాదు. బేస్ చివర్లో. మిక్సింగ్‌లో గిటార్‌లో 80 హెర్ట్జ్ కింద తగ్గించి, ఆ చోటు బేస్‌కి వదిలేయండి.

ఆఖరి తీగ మోగుతుండగా స్టాప్ నొక్కకండి. మోత పూర్తిగా ఆరిపోయాక ఇంకో పది సెకన్లు, కుర్చీ కిర్రుమనకుండా కూర్చోండి.