క్వాంట్ ఫైనాన్స్ కోసం ప్రోగ్రామింగ్ పుస్తకాలు ఎంచుకునే పద్ధతి

క్వాంటిటేటివ్ (క్వాంట్) ఫైనాన్స్, అంటే ఆర్థిక సమస్యలను గణితంతో, ప్రోగ్రామింగ్‌తో సాధించే రంగం వైపు రావాలనుకునే ఇంజనీరింగ్, గణితం, స్టాటిస్టిక్స్ విద్యార్థులు సాధారణంగా ప్రోగ్రామింగూ, ఆప్షన్ల (షేరును ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కునిచ్చే ఒప్పందాల) సిద్ధాంతమూ ఒకే పుస్తకంలో దొరకాలని వెతుకుతారు. రెండింటినీ మొదటి నుంచి నేర్పుతామనే పుస్తకాలు చాలావరకు భాషను పైపైన తాకి, గణితాన్ని సూత్రాలు అప్పగించడంతో సరిపెడతాయి. అందువల్ల భాష కోసం ఒక పుస్తకాన్ని, ఆ భాషతో ఫైనాన్స్ సమస్యలను సాధించడం కోసం మరొక పుస్తకాన్ని విడిగా ఎంచుకోవడమే మేలని నా దృఢమైన అభిప్రాయం.

ఏ భాష అన్నది మీరు చేయదలచిన పనిని బట్టి ఉంటుంది. ఆప్షన్ల వంటి డెరివేటివ్‌ల (విలువ మరో ఆస్తి ధరపై ఆధారపడే ఒప్పందాల) ధర కట్టే పెద్ద లైబ్రరీలలో సి++ వాడకం ఎక్కువ; 2000లో మొదలై నేటికీ అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్న క్వాంట్‌లిబ్ కూడా సి++లోనే ఉంది. డేటాతో పరిశోధన చేసేవారికి పైథాన్ దగ్గరి దారి. పైథాన్‌లోని పాండాస్ లైబ్రరీ పుట్టిందే ఫైనాన్స్ రంగంలో: వెస్ మెకిన్నీ దానిని 2008లో ఏక్యూఆర్ అనే పెట్టుబడుల సంస్థలో పనిచేస్తూ మొదలుపెట్టారు. ఆయన రాసిన 'పైథాన్ ఫర్ డేటా అనాలిసిస్' మూడో కూర్పు 2022లో వచ్చింది; దానిని ఆయన వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు కనుక డబ్బు పెట్టే ముందు అది చూడండి. ఇంకా ఎటూ తేల్చుకోనివారు పైథాన్‌తోనే మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే మెమరీ నిర్వహణ వంటి చిక్కులు లేకుండా తొలి వారంలోనే ఒక ఆప్షన్ ధర లెక్కగట్టగలుగుతారు.

తరువాత పుస్తకం ఏ సంవత్సరానిదో చూడాలి. సి++ విషయంలో 2011 ప్రమాణం ఒక సరిహద్దు. అంతకు ముందరి పుస్తకాలు నార్మల్ డిస్ట్రిబ్యూషన్ విలువలను, మంచి యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించే కోడ్‌ను చేత్తో రాయిస్తాయి. ఇప్పుడు వాటికి కావలసిన ఫంక్షన్లు ప్రామాణిక లైబ్రరీలోనే ఉన్నాయి. అలాగని పాతదంతా పనికిరానిది కాదు. మార్క్ జోషి రాసిన 'సి++ డిజైన్ ప్యాటర్న్స్ అండ్ డెరివేటివ్స్ ప్రైసింగ్' 2004లో, దాని రెండో కూర్పు 2008లో వచ్చాయి. అయినా ఆప్షన్ చెల్లింపు నియమాన్ని ధరల మార్గాలను (షేరు ధర ఎలా కదలవచ్చో చూపే ఊహాత్మక వరుసలను) సృష్టించే కోడ్ నుంచి ఎందుకు వేరుచేయాలో ఆ పుస్తకం నేర్పే తీరు కోసం నేటికీ దానినే సూచిస్తాను. నిర్మాణం దాని నుంచి నేర్చుకుని, కోడ్ మాత్రం కొత్త పద్ధతిలో రాయాలి. అందుకు సి++11, 14 ప్రమాణాలను వివరించే స్కాట్ మేయర్స్ 2014 నాటి పుస్తకం తోడుగా ఉంచుకోవచ్చు.

పైథాన్ పుస్తకాలు మరింత త్వరగా పాతబడతాయి. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. ఈవ్స్ హిల్పిష్ 'పైథాన్ ఫర్ ఫైనాన్స్' తొలి కూర్పు 2014లో పాత పైథాన్‌తో, రెండోది 2018లో పైథాన్ 3తో వచ్చాయి కాబట్టి, అబిడ్స్‌లో ఆదివారంపూట పాత పుస్తకాలు కొనేవారు ఏ కూర్పో చూసి మరీ తీసుకోవాలి.

ఇక అసలు పరీక్ష. పుస్తకంలో మాంటీ కార్లో (యాదృచ్ఛిక సంఖ్యలతో ఎన్నో ధరల మార్గాలను సృష్టించి, ఫలితాల సగటుతో ధర కట్టే పద్ధతి) అధ్యాయం తెరవండి. షేరు ధర 100, స్ట్రైక్ (ఒప్పందంలో అనుకున్న ధర) 100, వడ్డీ 5 శాతం, వోలటిలిటీ (ధర ఒడుదొడుకుల కొలత) 20 శాతం, గడువు ఒక సంవత్సరం, డివిడెండ్ లేదు అనుకుంటే, ఆప్షన్ ధర కట్టే బ్లాక్-షోల్స్ సూత్రం ప్రకారం యూరోపియన్ కాల్ (గడువు రోజున మాత్రమే వాడుకోగల కొనే హక్కు) ధర 10.45 వస్తుంది. ఇదే ధరను 10,000 మార్గాలతో లెక్కిస్తే ప్రామాణిక దోషం (సగటు అసలు విలువ నుంచి ఎంత తప్పవచ్చో చెప్పే కొలత) సుమారు 0.15 ఉంటుంది, అంటే 10.3 వచ్చినా 10.6 వచ్చినా ఆశ్చర్యపడనక్కరలేదు. ఆ దోషాన్ని పదో వంతుకు తగ్గించాలంటే మార్గాలు వంద రెట్లు, అంటే 10 లక్షలు కావాలి. ఇది చెప్పకుండా ఒకే ఒక్క సంఖ్యను ముద్రించి ఊరుకునే పుస్తకాన్ని కొనవద్దు; అది నేర్పే అలవాటును తరువాత వదిలించుకోవడం కష్టం. పుట్ (అమ్మే హక్కు) ధర 5.57 కూడా లెక్కించి, కాల్, పుట్ ధరల తేడా 4.88 పుట్-కాల్ పారిటీతో (ఆ రెండు ధరల మధ్య ఉండవలసిన సంబంధంతో) సరిపోతోందని చూపే పుస్తకం నమ్మదగినది. పాల్ గ్లాసర్‌మన్ 2003 నాటి మాంటీ కార్లో గ్రంథం ఈ దోషాన్ని తగ్గించే పద్ధతులను లోతుగా చర్చిస్తుంది, కానీ అది గణిత గ్రంథం కనుక రెండో దశలో చదవవలసినది.

ట్రేడింగ్ వ్యూహాల పుస్తకాలకు పరీక్ష వేరు. మూవింగ్ యావరేజ్ (గత కొన్ని రోజుల ధరల సగటు) ఉదాహరణలో నేటి ముగింపు ధరతో కొనాలా అమ్మాలా అనే సంకేతాన్ని లెక్కించి, అదే ముగింపు ధరకు కొన్నట్టు చూపిస్తే, లాభం కాగితానికే పరిమితం; సంకేతాన్ని మరుసటి రోజుకు జరిపారో లేదో కోడ్‌లో వెతకండి. బ్రోకరేజీ, పన్నులు మినహాయించారా అన్నదీ చూడాలి. నేటి నిఫ్టీ 50 జాబితానే పదిహేనేళ్ల వెనక్కు తీసుకెళ్లి పరీక్షించే పుస్తకమైతే పక్కన పెట్టేయవచ్చు. సత్యం కంప్యూటర్స్ 2009 జనవరి వరకు నిఫ్టీలో ఉంది. నేటి జాబితాతో 2008 నుంచి లెక్కిస్తే ఆ కంపెనీ అందులో లేదు కనుక దాని షేరు పతనం మీ ఫలితాల్లో ఎక్కడా కనబడదు.

పుస్తకాలు చేతికి వచ్చాక కోడ్‌ను కాపీ చేయకుండా స్వయంగా టైపు చేయండి. పై ఉదాహరణలో స్ట్రైక్‌ను 110కి మార్చితే సూత్రం ప్రకారం 6.04 రావాలి, మీ సిమ్యులేషన్ కూడా ప్రామాణిక దోషం పరిధిలో అక్కడికే చేరితే, తరువాతి అధ్యాయానికి వెళ్లవచ్చు.