రోమ్‌ని నడిచి చూడండి, మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు

రోమ్ వెళ్ళేవాళ్ళు ఎక్కువమంది ముందుగా అడిగేది మెట్రో పాస్ ఎన్ని రోజులకి తీస్కోవాలి, హాప్ ఆన్ హాప్ ఆఫ్ బస్సు (కావాల్సిన చోట దిగి మళ్ళీ ఎక్కే టూరిస్టు బస్సు) ఎక్కాలా వద్దా అని. నన్నడిగితే రెండూ పెద్దగా అక్కర్లేదు. అసలు చూడాల్సిన పాత ఊరు, అంటే పాంథియాన్ అనే పాత రోమన్ గుడి, పియాజ్జా నవోనా, కాంపో దె ఫియోరి అనే చౌక్‌లు ఉన్న నడిమి భాగంలో మెట్రో స్టేషనే లేదు, అక్కడ ఎక్కడ తవ్వినా ఏదో ఒక రెండు వేల ఏళ్ళ గోడ బయటపడుద్ది కాబట్టి లైన్ వేయడం మాటలు కాదు. కొలోసియం నుంచి వాటికన్ దాకా సుమారు 4 కిలోమీటర్లు ఉంటుంది, ఆగకుండా నడిస్తే గంట, కాకపోతే ఆ దారిలో ఆగకుండా నడవడం ఎవరివల్లా కాదు.

నేను చెప్పే పద్ధతి ఒక్కటే. పొద్దున్నే ఒక రౌండ్, మధ్యాహ్నం రూమ్‌కొచ్చి నడుం వాల్చడం, సాయంత్రం ఇంకో రౌండ్. టికెట్ కొని టైమ్ ప్రకారం వెళ్ళాల్సిన చోటు రోజుకి ఒకటే పెట్టుకోండి, కొలోసియం ఉన్న రోజు వాటికన్ మ్యూజియం పెట్టారంటే మీరు రోమ్ చూసినట్టు కాదు, గడియారం చూసుకుంటూ పరిగెత్తినట్టు. జూన్‌లో అయితే రాత్రి తొమ్మిదింటికి దగ్గర దాకా వెలుతురుంటుంది కాబట్టి సాయంత్రం రౌండ్‌కి బోల్డంత టైమ్ దొరుకుతుంది. డిసెంబర్‌లో మాత్రం ఐదు కాకముందే చీకటి. జులై, ఆగస్టు ఎండలు మన ఎండలకేం తగ్గవు, వీలైతే ఏప్రిల్, మే లేదా అక్టోబర్ చూస్కోండి.

బూట్లు ముఖ్యం, స్టైల్ తర్వాత. పాత వీధులన్నీ నల్లరాయి ముక్కలు పేర్చినవి, వాటిని సాంపియెత్రీని అంటారు, ఒకటి ఎత్తు ఒకటి పల్లం, వాన పడితే జారుతుంది. పల్చటి చెప్పులు, హీల్స్ అయితే సాయంత్రానికి మడమలు పోతాయి. ట్రాలీ సూట్‌కేస్ లాక్కుంటూ వెళ్తే చక్రాలు కూడా పోవచ్చు, అందుకే హోటల్ దాకా టాక్సీ తీస్కోండి.

రోడ్డు దాటడం గురించి చాలామంది భయపెడతారు. సిగ్నల్ లేని జీబ్రా క్రాసింగ్ దగ్గర మీరు అంచున నిలబడితే ఎవడూ ఆపడు, డ్రైవర్ వైపు చూస్తూ ఒకే స్పీడ్‌లో అడుగేస్తే ఆపుతారు, మధ్యలో ఆగిపోవడం వెనక్కి పరిగెత్తడం మాత్రం చేయొద్దు. హైదరాబాద్‌లో రోడ్డు దాటే అలవాటున్నవాళ్ళకి ఇదేం కొత్త కాదులెండి.

ఇక నీళ్ళు. బాటిళ్ళు కొని డబ్బులు తగలేయకండి. వీధుల్లో పొట్టిగా, బొద్దుగా ఉండే పోత ఇనుము పంపులు కనిపిస్తాయి, వంకర ముక్కులా ఒక గొట్టం ఉంటుంది, అందుకే నసోనె అంటారు, నీళ్ళు రాత్రింబవళ్ళు పారుతూనే ఉంటాయి. 1870ల నుంచీ ఉన్నాయి, తాగే నీళ్ళే, చల్లగా ఉంటాయి. బాటిల్ లేకపోతే ఆ ముక్కు చివర వేలు పెట్టి మూసేయండి, గొట్టం పైన చిన్న చిల్లుంటుంది, అందులోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, వంగి తాగేయొచ్చు. మొదటిసారి మొహమంతా తడుస్తుంది, పర్లేదు.

మొదటి పొద్దున ఎక్కడ మొదలుపెట్టాలంటే ట్రెవీ ఫౌంటెన్. ఏడు గంటల్లోపు చేరుకోండి, పది దాటితే నీళ్ళు కాదు తలకాయలు కనిపిస్తాయి. కట్టడం 1762లో పూర్తయింది కానీ దానికి నీళ్ళు తెచ్చే కాలువ క్రీ.పూ. 19 నాటిది, ఇప్పటికీ పనిచేస్తోంది, నాకైతే ఆ విగ్రహాల కంటే ఇదే పెద్ద వింత. నాణెం వేస్తే ఆ డబ్బులు కారితాస్ అనే చర్చి సేవా సంస్థకి పోతాయి. గట్టు మీద మాత్రం కూర్చోకండి, ఫైన్ వేస్తారు. అక్కణ్ణించి స్పానిష్ స్టెప్స్ పది నిమిషాలు, అక్కడా మెట్ల మీద కూర్చోనివ్వరు, 2019 నుంచి రూల్. నిజం చెప్పాలంటే స్పానిష్ స్టెప్స్ నాకు పెద్దగా నచ్చలేదు, పైకెక్కి ఊరు చూసి దిగిపోవడమే.

పాంథియాన్ మాత్రం తొందరపడకండి. సుమారు 1900 ఏళ్ళ కిందట హేడ్రియన్ చక్రవర్తి టైమ్‌లో కట్టింది, లోపల ఇనుప కడ్డీలు లేని కాంక్రీట్ గోపురం, అడ్డంగా 43 మీటర్ల పైచిలుకు, నేల నుంచి పైదాకా ఎత్తు కూడా అంతే. నడినెత్తిన దాదాపు 9 మీటర్ల వెడల్పు కన్నం, అద్దం గిద్దం ఏమీ లేదు, వాన పడితే లోపల పడాల్సిందే. అందుకే నేల మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, రాళ్ళలో చిన్న చిన్న చిల్లులుంటాయి నీళ్ళు దిగిపోవడానికి, అందరూ పైకి చూస్తుంటే మీరు ఒకసారి కిందకి కూడా చూడండి. ఎండ రోజుల్లో ఆ కన్నంలోంచి పడే వెలుగు గుండ్రంగా గోడ మీద మెల్లగా జరుగుతుంది, ఓ పావుగంట నిలబడితే తెలుస్తుంది. 2023 నుంచి టికెట్ పెట్టారు, ఆన్‌లైన్‌లో తీస్కుంటే లైన్ తప్పుతుంది.

దాని చుట్టుపక్కలే డబ్బు కట్టకుండా చూసే గొప్పవి ఉన్నాయి, టూరిస్టులు పక్కనించే వెళ్ళిపోతారు. సాన్ లుయీజి దెయి ఫ్రాంచేజి చర్చిలో ఎడమవైపు చివరి చాపెల్‌లో (చిన్న పూజా గదిలో) కారవాజ్జో గీసిన మూడు పెయింటింగ్స్, మ్యూజియంలో కాదు, ఏ గోడ కోసం గీశాడో ఆ గోడల మీదే. చీకటిగా ఉంటుంది, లైట్ వెలగడానికి నాణెం వేసే డబ్బా ఉంటుంది, కాస్త చిల్లర జేబులో పెట్టుకోండి. సాంట్ ఇన్యాజియో చర్చిలో గోపురం ఉన్నట్టే కనిపిస్తుంది కానీ లేదు, చదునైన కాన్వాస్ మీద పోజ్జో అనే ఆయన 1685లో గీసిన బొమ్మ అది. నేల మీద గుర్తు రాయి ఉంటుంది, దాని మీద నిలబడి చూసి, తర్వాత నాలుగడుగులు ముందుకేయండి, గోపురం వంకరపోతుంది. చిన్న చర్చిలు చాలావరకు మధ్యాహ్నం మూసేస్తారు, భుజాలు మోకాళ్ళు కప్పే బట్టలుండాలి, ఒక చున్నీ బ్యాగ్‌లో ఉంటే చాలు.

పియాజ్జా నవోనా సాయంత్రానికి ఉంచుకోండి. ఆ చౌక్ అంత పొడుగ్గా ఎందుకుందంటే డొమీషియన్ చక్రవర్తి స్టేడియం మీదే ఇళ్ళు లేచాయి, ఆటస్థలం ఆకారమే మిగిలింది. మధ్యలో బెర్నీని కట్టిన నాలుగు నదుల ఫౌంటెన్, 1651 నాటిది, నైలు, డాన్యూబ్, రియో దె లా ప్లాతా, నాలుగోది మన గంగ. చేతిలో పెద్ద తెడ్డు పట్టుకున్న గడ్డం మనిషి గంగ అన్నమాట, గంగమ్మని మగాడిలా చూడటం మనకి వింతగానే ఉంటుంది, అమ్మానాన్నల్ని తీస్కెళ్తే వాళ్ళకి చూపించండి, అక్కడే ఓ అరగంట వ్యాఖ్యానం నడుస్తుంది.

కొలోసియం టికెట్ ముందే కొనాలి, పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. అదే టికెట్‌లో ఫోరమ్ (పాత రోమ్ నడిబొడ్డు శిథిలాలు), పాలటైన్ కొండ కూడా వస్తాయి, ఫోరమ్‌లో నీడ తక్కువ, టోపీ మర్చిపోవద్దు. టికెట్ దొరకనివాళ్ళు దిగులుపడక్కర్లేదు. మైఖలాంజెలో గీసిన ప్లాన్‌తో కట్టిన కాంపిదోలియో చౌక్‌కి ఎక్కండి, మధ్యలో గుర్రం మీద మార్కస్ అరీలియస్ చక్రవర్తి విగ్రహం ఉంటుంది (అది నకలు, అసలుది పక్క మ్యూజియంలో ఉంది), ఎదురుగా ఉన్న బిల్డింగ్ పక్కనించి వెనక్కి వెళ్తే ఫోరమ్ మొత్తం కాళ్ళ కింద పరిచినట్టు కనిపిస్తుంది, పైసా ఖర్చు లేదు, పొద్దుగూకే వేళ అయితే ఇంకా బాగుంటుంది.

తిండి సంగతి. కాఫీ బార్‌లో నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు, చౌక్ మధ్య టేబుల్ మీద అయితే అడక్కండి. బాత్‌రూమ్ కావాల్సొచ్చినా అదే దారి, ఒక ఎస్‌ప్రెస్సో తాగి అడగండి. పిజ్జా అల్ తాల్యో షాపుల్లో ఎంత ముక్క కావాలో చేత్తో చూపిస్తే కత్తెరతో కోసి తూకం వేసి ఇస్తారు. శాకాహారులు మరినారా పిజ్జా పేరు చూసి చేపలేమో అనుకోవద్దు, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో అంతే, చీజ్ కూడా ఉండదు. కార్బొనారా, అమాత్రిచానా పాస్తాల్లో పంది మాంసం ఉంటుంది. సుప్లీ అని వేయించిన అన్నం ఉండలు అమ్ముతారు, వాటిలో మాంసం ఉండే అవకాశం ఎక్కువ, అడిగి తినండి. యూదుల పేటలో వేయించిన ఆర్టిచోక్ దొరుకుతుంది, అది తప్పకుండా తినాలి.

జేబుదొంగల గురించి రెండే మాటలు, టెర్మినీ రైల్వే స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్ళే 64 నంబర్ బస్సులో, మెట్రోలో ఫోన్ వెనక జేబులో పెట్టొద్దు. ఎవరైనా నవ్వుతూ మీ చేతికి బ్రేస్‌లెట్ కట్టబోతే చెయ్యి వెనక్కి లాక్కుని నడిచిపోవడమే, మొహమాటపడితే డబ్బులు అడుగుతారు.

వాటికన్‌కి నవోనా నుంచి సాంట్ ఆంజెలో వంతెన మీదుగా నడిచి వెళ్ళండి, రెండు వైపులా దేవదూతల విగ్రహాలు, ఎదురుగా ఒకప్పుడు హేడ్రియన్ సమాధి అయిన కోట. సెయింట్ పీటర్స్ చర్చి లోపలికి ఫ్రీ, సెక్యూరిటీ లైనే పెద్దది, పొద్దున ఏడింటికల్లా వెళ్తే త్వరగా అయిపోద్ది. బుధవారం పొద్దున పోప్ సభ ఉంటే చౌక్ అంతా కుర్చీలు, జనం, ఆ రోజు వద్దు. వాటికన్ మ్యూజియం నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు ఉండదు. సెయింట్ పీటర్స్ గోపురం ఎక్కాలంటే 551 మెట్లు, లిఫ్ట్‌కి డబ్బు కట్టినా పైన 320 ఎక్కాల్సిందే, చివర్లో గోడ ఒక పక్కకి ఒరిగి మీ మీదికొచ్చినట్టుంటుంది, మధ్యలో వెనక్కి తిరగడం కుదరదు కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని కిందే కూర్చోబెట్టి వెళ్ళండి.