వానలు ముదరకముందే కిచెన్ కప్‌బోర్డులకు చెక్క ఎంచుకునేటప్పుడు చూసుకోవాల్సినవి

సొంతంగా కిచెన్ కప్‌బోర్డులు చేసుకునేవాళ్లు మొదట ఆలోచించాల్సింది సింక్ కింది పెట్టె గురించి. వేస్ట్ పైపు జాయింట్ దగ్గర చెమ్మ, నేల కడిగినప్పుడు చేరే నీళ్లు, వానాకాలపు గోడ తడి, అన్నీ అక్కడికే వస్తాయి. అక్కడ ఎంఆర్ గ్రేడ్, అంటే షాపుల్లో కమర్షియల్ ప్లై అనేది, వాడకండి. అందులో యూరియా జిగురు ఉంటుంది. చెమ్మ పదే పదే తగిలితే ఆ జిగురు పట్టు వదిలేస్తుంది, పొరలు ఉబ్బి విడిపోతాయి. ఫినాల్ జిగురుతో చేసిన బీడబ్ల్యూపీ గ్రేడ్ (మరిగే నీటిని కూడా తట్టుకునేది), ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోండి.

ముద్ర ఉన్నంత మాత్రాన నమ్మేయకండి. ఐఎస్ఐ గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉంటుంది. దాన్ని ఆ గుర్తు ఇచ్చే ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే కంపెనీ పేరు, ఏ ప్రమాణానికి లైసెన్స్ ఉందో కనిపిస్తాయి. పై పొర ఎర్రగా ఉంది కాబట్టి గుర్జన్ అనే గట్టి చెక్క అనుకోవద్దు, రంగు పూసినా అలాగే ఉంటుంది. షీటు అంచు చూడండి. 19 ఎంఎం షీటులో సాధారణంగా 11 నుంచి 13 పొరలుంటాయి. పొరల మధ్య సందులు, ఒకదానిపై ఒకటి ఎక్కిన ముక్కలు, పుట్టీతో పూడ్చిన రంధ్రాలు కనిపిస్తే ఆ షీటు వద్దు. వేలి కణుపుతో షీటంతా తట్టండి. ఎక్కడైనా డొల్ల శబ్దం వస్తే లోపల ఖాళీ ఉన్నట్టే, కీలు స్క్రూ సరిగ్గా ఆ చోట పడితే పట్టదు.

ఇంట్లో చేసుకోగల అసలు పరీక్ష ఉడకబెట్టడం. షాపులో అరచేతంత ముక్క అడిగి తీసుకుని, నీళ్లు తగ్గినప్పుడల్లా పోస్తూ ఏడెనిమిది గంటలు మరిగించండి. ఐఎస్ 710 పరీక్షలో 72 గంటలు ఉడకబెడతారు, కాబట్టి అసలైన మెరైన్ ప్లైకి ఇదొక లెక్క కాదు. ముక్క అంచులో గోరు దూరేంత సందు వచ్చిందా, ఆ లాట్ మొత్తం వద్దనుకోండి. కొనేముందే చేయాలి, కోసిన షీటును ఎవరూ వెనక్కి తీసుకోరు.

చెక్క నారతో, పొట్టుతో అదిమి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు తడి తగిలితే ఉబ్బి, ఆరినా మళ్లీ మామూలుకు రావు. పొడిగా ఉండే పై కప్‌బోర్డుల షట్టర్లకు, అంటే తలుపులకు, ఎండీఎఫ్ పరవాలేదు. సింక్ కింద డబ్ల్యూపీసీ బోర్డు (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) నీటికి భయపడదు గానీ వేడికి మెత్తబడుతుంది, పొయ్యి పక్కన పెట్టకండి. మన ఇళ్లలో చాలాచోట్ల గట్టు కింద అడ్డుగోడలు, అరలు కడప బండలతోనే కడతారు. అలా ఉంటే సింక్ కింద చెక్క పెట్టె అక్కర్లేదు, షట్టరు, దాని ఫ్రేమ్ చాలు. ఇది మంచి పద్ధతి, ఆధునికంగా లేదని కొట్టేయించకండి.

ఆ ఫ్రేమ్‌కి టేకు వాడితే చేవ మాత్రమే తీసుకోండి. అంచున పాలిపోయిన తెల్ల చెక్కకి చెదలు, పురుగు త్వరగా పడతాయి.

ఆరడుగులు దాటే షట్టర్లకు ప్లై కన్నా లోపల చెక్క దిమ్మెలు పేర్చి చేసే బ్లాక్‌బోర్డు నయం, వంగడం తక్కువ. లామినేట్ ఒక వైపే అంటిస్తే ఏ షీటైనా విల్లులా వంగుతుంది. బయట 1 ఎంఎం వేస్తే లోపల కనీసం 0.72 ఎంఎం లైనర్, అంటే పలచటి లామినేట్, వేయాలి. బరువైన గిన్నెలు పెట్టే అర రెండున్నర అడుగులకు మించి ఆధారం లేకుండా ఉండకూడదు.

లెక్క: 8×4 షీటు 32 చదరపు అడుగులు. రెండడుగుల వెడల్పు, 22 అంగుళాల లోతు, 30 అంగుళాల ఎత్తున్న, పై పలక లేని పెట్టెకు ఒక అర, షట్టరు కలిపి 20–22 చదరపు అడుగులు పడుతుంది. వెనక 6 ఎంఎం పలక వేరు. కోతలో పోయేదానికి 10–15 శాతం కలుపుకోండి.

షీట్లు వచ్చాక గోడకి ఆనించి నిలబెట్టకండి, వంగుతాయి. మూడు చెక్క బద్దల మీద పడుకోబెట్టి, గోడకి ఎడంగా, వారం రోజులు వంటగదిలోనే ఉంచి తర్వాత కోయండి. కొత్త ప్లాస్టర్ గోడ ఆరేదాకా ఆగండి. కోసిన ప్రతి అంచుకీ, సింక్ పైపు కోసం చేసిన రంధ్రం లోపలికీ కూడా వుడ్ ప్రైమర్ రెండు కోట్లు వేసి, ఆపై అంచుకి అంటించే పట్టీ, ఎడ్జ్ బ్యాండ్ వేయండి. నీరు పలక ముఖం కన్నా ఈ కోసిన అంచుల్లోంచే ఎక్కువ లోపలికి పోతుంది. పెట్టె అడుగు నేలకి తగలకుండా నాలుగంగుళాల పీవీసీ కాళ్ల మీద నిలపండి. బిల్లులో బ్రాండు, మందం, ఐఎస్ 710 అని రాయించుకోండి. ఉత్త 'వాటర్‌ప్రూఫ్ ప్లై' అని రాసిన బిల్లు రేపు గొడవ వస్తే పనికిరాదు.