గ్యాంగ్ కాల్పుల కేసులో టీనేజర్‌కి శిక్ష పడితే కాలిఫోర్నియాలో అప్పీల్ ఎలా వేయాలి

ముందు గడువు సంగతి. 60 రోజులు. జ్యూరీ దోషి అని తేల్చిన రోజు నుంచి కాదు, జడ్జి శిక్ష వేసిన రోజు నుంచి లెక్క.

పెద్దవాళ్ల కోర్టులో విచారణ జరిగి ఉంటే సీఆర్-120 అనే ఫారం కావాలి (జువెనైల్ కోర్టు అయితే జేవీ-800). ఫీజు లేదు. అందులో పేరు, కేసు నంబరు, శిక్ష తేదీ నింపి కుర్రాడు గానీ అతని లాయర్ గానీ సంతకం పెట్టాలి, అంతే. తీర్పులో ఎక్కడ తప్పుందో రాయాలేమోనని టెన్షన్ పడి రోజులు గడిపేయకండి, ఆ వాదనలు తర్వాత లాయర్ చూసుకుంటారు. లాయర్‌కి డబ్బుల్లేకపోతే కోర్టే పెట్టాలని అడిగే గడి కూడా ఆ ఫారంలోనే ఉంది.

అప్పీల్ కదా అని అప్పీల్ కోర్టుకు పట్టుకెళ్లకండి. శిక్ష వేసిన సుపీరియర్ కోర్టు క్లర్కుకే ఇవ్వాలి. లోపల ఉన్నవాళ్లు గడువులోగా పోస్టు చేయమని జైలు సిబ్బంది చేతికిస్తే చాలు, కోర్టుకు ఆలస్యంగా చేరినా చెల్లుతుంది. నేరం ఒప్పుకున్న కేసులో ఆ ఒప్పుకోలే చెల్లదని వాదించాలంటే మాత్రం ట్రయల్ జడ్జి నుంచి సర్టిఫికెట్ ఆఫ్ ప్రాబబుల్ కాజ్ (అప్పీల్‌కి తగిన కారణం ఉందని చెప్పే పత్రం) రావాలి, దాన్నీ ఆ 60 రోజుల్లోనే అడగాలి.

ఇది మళ్లీ విచారణ కాదు. కొత్త సాక్షులుండరు, ట్రయల్‌లో రికార్డయిన మాటలూ కాగితాలూ ముందు పెట్టుకుని ముగ్గురు జడ్జీలు చట్టపరమైన తప్పులు వెతుకుతారు. ఇలాంటి కేసుల్లో అసలు బరువంతా అదనపు శిక్షల్లో ఉంటుంది. ఫస్ట్ డిగ్రీ హత్యకు (హత్యల్లో అత్యంత తీవ్రమైన రకం) కనీసం 25 ఏళ్లు, గరిష్ఠంగా జీవితఖైదు, తుపాకీతో చంపినందుకు పైన ఇంకో 25, అంటే 16 ఏళ్ల కుర్రాడికి కనీసం 50 ఏళ్లు. తుపాకీ వాటాను కొట్టేసే అధికారం 2018 నుంచి జడ్జికి ఉంది, దాన్ని కనీసం పరిశీలించారా అన్నది చూడాలి. గ్యాంగ్ కోసం చేసినందుకు పడే అదనపు శిక్ష సంగతి కూడా చూడాలి: 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం గ్యాంగ్‌కి పేరు రావడం కోసం కాల్చాడంటే సరిపోదు, అంతకు మించిన లాభం నిరూపించాలి.

వయసు సంగతి వదలొద్దు. చిన్న వయసులో నేరం చేసినవాళ్లలో చాలామందికి శిక్షను బట్టి జైల్లో 15, 20 లేదా 25వ ఏడాదిలో పెరోల్ హియరింగ్ (విడుదల చేయొచ్చా అని చూసే విచారణ) వస్తుంది. అప్పటికి పాత టీచర్లు, చుట్టాలు ఎక్కడుంటారో తెలియదు కాబట్టి పెరిగిన వాతావరణం, చదువు లాంటి వివరాలు ఇప్పుడే రికార్డు చేయించాలి. దీన్నే ఫ్రాంక్లిన్ హియరింగ్ అంటారు.

అప్పీల్ ఓడిపోతే రాష్ట్ర సుప్రీంకోర్టుకు పిటిషన్ వేయొచ్చు. మామూలుగా తీర్పు వచ్చిన 31వ రోజు నుంచి 40వ రోజులోపు వేయాలి, చేతిలో ఉండేది పదే రోజులు.