క్రిటికల్ రీజనింగ్‌లో ప్రయోగ ఫలితాల ప్రశ్న వస్తే ఎలా చేయాలి?

ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్ వెర్బల్ విభాగంలో 45 నిమిషాలకు 23 ప్రశ్నలు. ఒక్కోదానికి పూర్తిగా రెండు నిమిషాలు కూడా దక్కవు. రీడింగ్ కాంప్రహెన్షన్ పోగా మిగిలినదంతా క్రిటికల్ రీజనింగే, అంటే చిన్న పేరాలోని వాదనను తూచి చూసే ప్రశ్నలే. ఆ చిన్న పేరాల్లో మాటిమాటికీ ఎదురయ్యే సరుకు ప్రయోగం: కొందరికి ఏదో ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు, తేడా కనిపించింది, కాబట్టి ఇచ్చినదే పనిచేసింది అంటారు. ఆ ‘కాబట్టి’ ఎంతవరకు నిలుస్తుందో తేల్చడమే మీ పని. లా ప్రవేశ పరీక్ష క్లాట్‌లోని లాజికల్ రీజనింగ్‌కీ, సివిల్స్ ప్రిలిమ్స్ రెండో పేపరు సీశాట్ ప్యాసేజీలకీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

సైన్సు, ఇంజినీరింగ్ చదివినవాళ్లు తేలిగ్గా పడే గుంట ఒకటుంది. ప్రయోగం చేసిన తీరునే తప్పుపట్టి, అంకెలనే అనుమానిస్తారు. పరీక్షలో అంకెలు నిజమనే ఒప్పుకోవాలి. పేరాలో దిగుబడి పెరిగిందని ఉంటే పెరిగినట్టే. అనుమానించాల్సింది ఆ ఫలితం నుంచి నిర్ధారణకు వేసిన గెంతును మాత్రమే.

1. ముందు ప్రశ్న చదవండి, తర్వాతే పేరా

వాదనను బలపరిచేది ఏది, బలహీనపరిచేది ఏది, వాదన దేన్ని నిజమనుకుని నడుస్తోంది, ఏది తెలిస్తే వాదనను అంచనా వేయొచ్చు. ఈ నాలుగూ వేర్వేరుగా కనిపించినా వెతకాల్సింది ఒకటే: ఫలితానికీ నిర్ధారణకూ మధ్య ఉన్న సందు. నాలుగో రకంలో మాత్రం ఆప్షన్లు సమాచారం ఇవ్వవు, ప్రశ్నలు అడుగుతాయి. అందుకే చాలామంది అక్కడ తడబడతారు.

2. ఫలితాన్నీ నిర్ధారణనూ విడదీయండి

ఈ నమూనా చూడండి. ‘ఒక మండలంలో 40 మంది మిరప రైతులు ముందుకొచ్చి, తామర పురుగుల కోసం పొలంలో నీలి రంగు జిగురు అట్టలు పెట్టారు. సీజన్ చివర వాళ్లకు, అట్టలు పెట్టని రైతులకంటే ఎకరాకు సగటున 3 క్వింటాళ్లు ఎక్కువ పండింది. కాబట్టి జిగురు అట్టలు మిరప దిగుబడిని పెంచుతాయని వ్యవసాయాధికారి తేల్చారు.’

రఫ్ పేపరు మీద ఐదు ముక్కలు రాయండి: ఎవరు, ఏం చేశారు, ఎవరితో పోల్చారు, ఏం కొలిచారు, చివరికి ఏమన్నారు. పూర్తి వాక్యాలు వద్దు. ‘40, ముందుకొచ్చారు / అట్టలు / పెట్టనివాళ్లు / క్వింటాళ్లు / అట్టల వల్లే’. ఇరవై సెకన్లు పట్టే పని ఇది. ఐదింటిలో దేనికైనా పేరాలో జవాబు లేకపోతే అక్కడ గుర్తు పెట్టుకోండి. పోల్చడానికి రెండో గుంపే లేకుండా ‘ముందు ఇంత, తర్వాత ఇంత’ అని మాత్రమే ఉంటే, ఆ మధ్యకాలంలో ఇంకేం మారిందన్నదే సాధారణంగా అసలు ప్రశ్న అవుతుంది.

3. సందు ఎక్కడుందో చూడండి

ఎక్కువసార్లు దొరికే సందు: రెండు గుంపులూ మొదటి నుంచీ ఒకే రకమా? పై పేరాలో ‘ముందుకొచ్చి’ అన్న ఒక్క మాటలోనే అంతా ఉంది. కొత్త పద్ధతికి ముందుకొచ్చే రైతుకు నీటి వసతి బాగుండొచ్చు, చేతిలో పెట్టుబడి ఉండొచ్చు, పొలానికి రోజూ వెళ్లే అలవాటు ఉండొచ్చు. అట్టలు లేకపోయినా అతనికి 3 క్వింటాళ్లు ఎక్కువే పండేవేమో.

స్వచ్ఛందంగా వచ్చినవాళ్ల ఫలితం ఎప్పుడూ అసలుకంటే గొప్పగానే కనిపిస్తుందని మాత్రం అనుకోవద్దు. 1954లో అమెరికాలో పోలియోకు సాక్ టీకాను పరీక్షించారు. కొన్ని ప్రాంతాల్లో తల్లిదండ్రులు ఒప్పుకున్న పిల్లల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు టీకా, మరో గుంపుకు ఉప్పునీటి ఇంజక్షన్ ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో పిల్లలకూ తెలియదు, పోలియో అవునో కాదో తేల్చిన డాక్టర్లకూ తెలియదు. లక్ష మందికి టీకా గుంపులో 28 కేసులు, ఉప్పునీటి గుంపులో 71 వచ్చాయి. ఒప్పుకోని కుటుంబాల పిల్లల్లో 46. టీకా అందని ఈ రెండు గుంపుల మధ్య అంత తేడా ఎందుకు? ఒప్పుకున్నవాళ్లలో కాస్త డబ్బున్నవాళ్లు ఎక్కువ. పరిశుభ్రమైన ఇళ్లలో పెరిగిన ఆ పిల్లలకు, తల్లి నుంచి వచ్చిన రక్షణ ఉండే పసితనంలో ఆ వైరస్ తగలదు. పెద్దయ్యాక తగిలితే ప్రమాదం ఎక్కువ. టీకా వేసుకున్నవాళ్లను ఒప్పుకోనివాళ్లతో పోల్చి ఉంటే 28కి పక్కన 46 నిలిచేది, టీకా బలం ఉన్నదానికంటే తక్కువగా కనిపించేది. కాబట్టి గుంపుల మధ్య తేడా ఉందనగానే ‘బలహీనపడింది’ అని గుర్తు పెట్టేయకండి. తేడా ఏ వైపు లాగుతోందో చూడాలి.

రెండో సందు: కొలిచినదీ, చెప్పినదీ ఒకటేనా? గుండెపోటు వచ్చినవాళ్లలో లయ తప్పిన గుండె కొట్టుకోళ్లు ఎక్కువైతే ప్రాణాపాయం ఎక్కువని తెలుసు కాబట్టి, వాటిని తగ్గించే మందులు ప్రాణాలు కాపాడతాయని డాక్టర్లు నమ్మేవారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు వాటిని నిజంగానే తగ్గించాయి. కానీ 1989లో బయటికొచ్చిన కాస్ట్ అనే ప్రయోగం ఫలితాల్లో, ఆ మందులు వాడినవాళ్లలో మరణాలు మందు లేని ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లకంటే రెట్టింపుకు మించి తేలాయి. పరీక్ష పేరాల్లో ఇదే గెంతు మెత్తగా వస్తుంది: మార్కులు పెరిగాయని చెప్పి ‘అవగాహన పెరిగింది’ అంటారు, ఫిర్యాదులు తగ్గాయని చెప్పి ‘సేవ మెరుగైంది’ అంటారు.

మిగతావి త్వరగా: మధ్యలో మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేశారా, మొత్తం సంఖ్య చెప్పి శాతం దాచారా, ఒకచోట చేసినదాన్ని అన్నిచోట్లకీ అంటగట్టారా, తాము పరీక్షలో ఉన్నామన్న ఎరుకతోనే మనుషులు మారిపోయారా.

4. ప్రతి ఆప్షన్‌కూ రెండు వ్యతిరేక జవాబులు ఇవ్వండి

ఏది తెలిస్తే వాదనను అంచనా వేయొచ్చు అనే నాలుగో రకం ప్రశ్నకు ఇదే అసలు పనిముట్టు. ఆప్షన్ అడిగినదానికి ఒకసారి అవును, ఒకసారి కాదు అనుకోండి. ఒక జవాబుతో వాదన నిలిచి, రెండోదానితో కూలిపోతే అదే మీ ఆప్షన్. అంకెలడిగే ఆప్షన్ అయితే సున్నా శాతం, నూరు శాతం పెట్టి చూడండి. మధ్య అంకెలతో కుస్తీ వద్దు.

మన నమూనాకు ఐదు ఆప్షన్లు:

అ) అట్టలకు అయ్యే ఖర్చు, అదనపు దిగుబడి విలువకంటే తక్కువా?
ఆ) ఈ అట్టలకు తామర పురుగులతో పాటు ఇతర పురుగులూ అంటుకుంటాయా?
ఇ) అట్టలు పెట్టక ముందు సంవత్సరాల్లో ఈ 40 మంది దిగుబడి మిగతావాళ్లతో సమానమా?
ఈ) రాష్ట్రంలో మిరప సగటు దిగుబడి ఎంత?
ఉ) ఈ రైతులు వచ్చే ఏడాదీ అట్టలు పెడతారా?

‘ఇ’కి సమానమే అనండి: అధికారి మాట బలపడింది. కాదు, ముందు నుంచీ వాళ్లకే 3 క్వింటాళ్లు ఎక్కువ అనండి: అట్టల గొప్ప ఏమీ మిగలదు. జవాబు ‘ఇ’. ‘ఈ’కి పది క్వింటాళ్లన్నా ముప్పై అన్నా రెండు గుంపుల మధ్య తేడా కదలదు. ‘ఆ’లో ఏ పురుగు అంటుకున్నా నిర్ధారణకు లెక్కలేదు, ఎందుకంటే అధికారి దిగుబడి గురించే మాట్లాడారు, పురుగు గురించి కాదు. రైతులు వచ్చే ఏడాది ఏం చేస్తారన్నది జరిగిపోయిన పంటను మార్చదు.

‘అ’ దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. సేద్యం తెలిసినవాళ్లకు అదే ముఖ్యమైన ప్రశ్న అనిపిస్తుంది, నిజజీవితంలో ముఖ్యమే కూడా. కానీ నిర్ధారణలో లాభం ఊసే లేదు. ఇప్పుడు చివరి వాక్యాన్ని ‘కాబట్టి అట్టలు పెడితే రైతు లాభం పెరుగుతుంది’ అని మార్చండి. ‘అ’ వెంటనే బతికొస్తుంది, ఎందుకంటే ఖర్చు ఎక్కువైతే లాభం మాట పోతుంది. అప్పుడు ‘అ’, ‘ఇ’ రెండూ పనిచేస్తాయి కాబట్టి, అసలు పరీక్షలో ఆ రెండిటినీ కలిపి ఇవ్వరు. ప్రయోగం అదే, అంకెలు అవే, మారింది చివరి నాలుగు మాటలు. అందుకే ఆప్షన్లు చూసే ముందు నిర్ధారణలోని నామవాచకాన్ని వేలు పెట్టి మరీ చదవండి: దిగుబడా, లాభమా, ఈ మండలమా, రాష్ట్రమంతానా.

5. తప్పు ఆప్షన్లను గుర్తుపట్టండి

పేరా ముందే జవాబు చెప్పేసినదాన్ని మళ్లీ అడిగే ఆప్షన్ ఒకటి ఉంటుంది. ‘ప్రయోగాన్ని మళ్లీ చేశారా’, ‘నలభై మంది సరిపోతారా’ లాంటివి శాస్త్రీయంగా వినిపించి లాగుతాయి. వాటికీ రెండు జవాబుల పరీక్ష పెట్టండి, వాదన ఇటూ అటూ కదిలితేనే ఉంచండి. ఒకే వైపు కదిలించే ఆప్షన్‌తోనూ జాగ్రత్త: అవును అంటే బలపడి, కాదు అంటే ఏమీ కాకపోతే, అంతకంటే గట్టిది ఉందేమో వెతకాలి. బయటి జ్ఞానం కూడా పక్కన పెట్టాల్సిందే. జిగురు అట్టలు పనిచేయవని మీకు స్వయంగా తెలిసినా ఈ ప్రశ్నకు అది చెల్లదు.

సాధన చేసేటప్పుడు తప్పయిన ప్రతి ప్రశ్న పక్కనా మూడు ముక్కలు రాసుకోండి: నిర్ధారణలోని కీలక మాట, మీరు గుర్తించని సందు, మిమ్మల్ని లాగిన ఆప్షన్ ఏ మాటతో లాగింది. మొదట్లో గడియారం పెట్టకుండా చేయండి. ఐదు ముక్కల పట్టీ చేయి తిరిగాక రెండు నిమిషాల గడువు పెట్టుకోవచ్చు. గడువులో రెండు ఆప్షన్ల మధ్య ఇరుక్కుంటే పేరా మొత్తం మళ్లీ చదవక్కర్లేదు, చివరి వాక్యం ఒక్కటి చదివి రెండిటికీ ‘కాదు’ అనే జవాబు పెట్టి చూడండి. ఎక్కువ నష్టం చేసేదాన్ని ఎంచుకుని ముందుకు వెళ్లండి.