పాత బెంజ్, బీఎండబ్ల్యూ వేడెక్కుతోందా? విడిభాగాలు కొనే ముందు ఇలా వెతకండి

చెన్నైలో మే నెల మధ్యాహ్నం. కత్తిపారా దగ్గర కదలని ట్రాఫిక్, లోపల ఏసీ పూర్తి వేగంతో నడుస్తోంది. ఇరవై ఏళ్లు దాటిన లగ్జరీ కారున్నవారి కళ్లు అప్పుడు రోడ్డు మీద కన్నా ఉష్ణోగ్రత ముల్లు మీదే ఎక్కువగా ఉంటాయి. ముల్లు ఎర్రగీత వైపు జరిగితే చాలా షెడ్లలో వినిపించే సలహాలు రెండు: థర్మోస్టాట్ (వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తీసేద్దాం, లేదా రేడియేటర్ మార్చేద్దాం. దేనికీ వెంటనే తల ఊపకండి. బండి ఎప్పుడు వేడెక్కుతోందో ముందు గమనించండి. సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

ట్రాఫిక్‌లో వేడెక్కి, బండి కదలగానే చల్లబడుతుంటే ఫ్యాన్‌ను అనుమానించాలి. ఊళ్లో బాగానే ఉండి, నెల్లూరు హైవే ఎక్కి వేగం అందుకున్నాక ముల్లు పైకి పోతుంటే ఫ్యాన్ తప్పు కాదు, ఆ వేగంలో గాలి దానంతట అదే తగులుతుంది. అప్పుడు రేడియేటర్, వాటర్ పంపు, పూర్తిగా తెరుచుకోని థర్మోస్టాట్‌లను చూడాలి. ఉదయం స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే వేడెక్కితే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండవచ్చు, లేదా హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయి ఉండవచ్చు.

ముల్లును నమ్మడంలోనూ తేడా ఉంది. 1990ల నాటి బెంజ్ డబ్ల్యూ124లో ముల్లు కొంచెం పైకీ కిందికీ కదులుతూనే ఉంటుంది, ట్రాఫిక్‌లో 100 దాకా వెళ్లి దిగినా కంగారు పడనక్కరలేదు. బీఎండబ్ల్యూ 3 సిరీస్ పాత తరమైన ఈ46లో అలా కాదు. దాదాపు 75 నుంచి 115 డిగ్రీల వరకు ముల్లు మధ్యలోనే నిలబడేలా కంపెనీయే అమర్చింది. అది కదిలేసరికే ఆలస్యమైపోతుంది. అందుకే ఓబీడీ పోర్టు (కారు కంప్యూటర్‌కు స్కానర్ తగిలించే సాకెట్) ఉన్న కారైతే ఫోనుకు కలిసే చిన్న స్కానర్ పెట్టి అసలు అంకె చూడండి.

ఇక బానెట్ ఎత్తండి, అయితే ఇంజన్ పూర్తిగా చల్లారాకే. వేడి మీద రేడియేటర్ లేదా కూలెంట్ ట్యాంకు మూత తిప్పితే మరుగుతున్న కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ముఖం మీదికి చిమ్ముతుంది.

మొదట కూలెంట్ మట్టం చూడండి. తగ్గి ఉంటే పోసి ఊరుకోకుండా అది ఎటు పోయిందో వెతకండి. హోస్ పైపుల చివర్లు, రేడియేటర్ పక్కల ప్లాస్టిక్ ట్యాంకులు, పంపు కింది భాగం, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (వేడికి వ్యాకోచించిన కూలెంట్ చేరే ట్యాంకు) అతుకులు చూడండి. ఎండిపోయిన రంగు మరక కనబడితే లీకు అక్కడే. లోపల ముందు సీటు దగ్గర కాళ్ల కింది కార్పెట్ తడిగా, తియ్యటి వాసనతో ఉంటే హీటర్ కోర్ (కారు లోపలి హీటర్‌కు వేడినిచ్చే చిన్న రేడియేటర్) కారుతోంది. ఏమీ కనబడకపోతే చేతిపంపు ఉన్న ప్రెషర్ టెస్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు కొట్టి, పావుగంట చూడండి. టెస్టర్ ముల్లు పడిపోతే లీకు ఉన్నట్టే.

మూతను చిన్నచూపు చూడకండి. మామూలుగా 100 డిగ్రీలకే మరిగే నీరు, ఒక బార్ ఒత్తిడి కలిస్తే సుమారు 120 వరకు ఆగుతుంది. రబ్బరు గట్టిపడిన మూత ఆ ఒత్తిడి నిలపలేదు. ఖర్చు తక్కువ కాబట్టి, పరీక్షించకుండానే మార్చేయదగ్గ భాగం ఇదొక్కటే.

చెన్నై ట్రాఫిక్‌లో అసలు దోషి ఎక్కువగా ఫ్యాన్ దగ్గరే దొరుకుతుంది. ఇంజన్ నడుస్తుండగా ఏసీ వేయండి. చాలా మోడళ్లలో కాసేపటికే ముందున్న ఎలక్ట్రిక్ ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే వరసగా ఫ్యూజు, రిలే, రెసిస్టర్, మోటారు చూడండి. ఇంజన్‌తో తిరిగే విస్కస్ ఫ్యాన్ అయితే ఇంజన్ ఆపి చేత్తో తిప్పండి. కొంచెం బిగువుగా ఆగాలి. అడ్డులేకుండా గిరగిరా తిరిగిందంటే లోపలి సిలికాన్ నూనె కారిపోయినట్టే. మరో సంగతి: ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ అనే ప్లాస్టిక్ చట్రం అసలు ఉందా? ఎప్పుడో విరిగితే తీసి పారేసిన కార్లు ఎన్నో. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ గుండా కాక పక్కల నుంచి గాలి లాగుతుంది. ష్రౌడ్ కోసం చెన్నైలో పాత విడిభాగాలు అమ్మే పుదుపేటలో వెతకవచ్చు. పంపు, థర్మోస్టాట్, ప్లాస్టిక్ ట్యాంకు మాత్రం అక్కడ పాతవి కొనకండి.

ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య టార్చి వేసి చూడండి. అక్కడ పేరుకున్న దుమ్ము బయటికి కనబడదు. ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టి కడగాలి.

థర్మోస్టాట్ మీద అది తెరుచుకునే ఉష్ణోగ్రత, ఉదాహరణకు 87, రాసి ఉంటుంది. దాన్ని బయటికి తీసి థర్మామీటర్‌తో పాటు గిన్నెలో నీళ్లలో వేడి చేస్తే తెరుచుకోవడం కంటికే కనిపిస్తుంది. తీసేసి నడపడం మాత్రం తప్పు. ఈ ఇంజన్లలో చాలావాటికి థర్మోస్టాట్ తెరుచుకుంటూ బైపాస్ దారిని మూస్తుంది. అది లేకపోతే వేడినీళ్లలో కొంత రేడియేటర్‌కు పోకుండా తిరిగి ఇంజన్‌లోకే వెళ్తుంది.

పంపు విషయంలో, కొన్ని పాత బీఎండబ్ల్యూలలో ప్లాస్టిక్ ఇంపెల్లర్ (నీళ్లను తోసే రెక్కల చక్రం) పగిలి, ఇరుసు తిరుగుతున్నా నీళ్లు కదలవు. ఆ తర్వాతి ఈ90 తరం 3 సిరీస్‌లో చాలా పెట్రోల్ ఇంజన్లకు ఎలక్ట్రిక్ పంపు ఉంటుంది, దాని లోపం స్కానర్‌లో తెలుస్తుంది.

ఇవన్నీ దాటాకే హెడ్ గ్యాస్కెట్. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే హోస్ రాయిలా గట్టిపడటం, ట్యాంకులో ఆగకుండా బుడగలు, ఇంజన్ వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ దాని గుర్తులు. కూలెంట్‌లో ఇంజన్ పొగ కలుస్తోందో చెప్పేందుకు ట్యాంకు మూతి దగ్గర పెట్టే నీలం రసాయనం పసుపు లేదా ఆకుపచ్చకు మారితే అనుమానం తీరినట్టే.

మరమ్మతయ్యాక బోరు నీళ్లు పోయకండి, ఆ ఉప్పు లోపల పొరకడుతుంది. కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలపండి. గాలి బయటికి పోవడానికి హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టి నింపాలి. చెన్నైలో ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని హీటర్ వాల్వు బిగుసుకుపోయి ఉండవచ్చు, అదీ చూసుకోండి.

దారిలోనే ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా వేసి, వెంటనే పక్కకు తీయండి. ఆవిరి కనబడినా, కూలెంట్ హెచ్చరిక దీపం వెలిగినా ఇంజన్ ఆపేయడమే. ఇల్లు ఇంకో రెండు కిలోమీటర్లేనని లాక్కెళ్లకండి, అల్యూమినియం హెడ్ వంగడానికి ఆ దూరం చాలు.